గేటు దగ్గర మొదలయ్యే పని కాదు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

మనం ఊరెళ్తే కుక్కను రాత్రుళ్లు కూడా ఉంచుకునే చోటు బోర్డింగ్, పగటిపూట మాత్రం చూసుకునే చోటు డేకేర్. అక్కడ వదిలే ముందు కుక్కను ఎలా సిద్ధం చేయాలో ఇవాళ చెప్తాను. నేను డాక్టర్ని కాను. కుక్కలకు ట్రైనింగ్ ఇస్తాను. అంతకుముందు కొన్నేళ్లు ఒక బోర్డింగ్‌లో రాత్రి డ్యూటీ చేశాను. ఇవాళ చెప్పబోయేదాంట్లో సగానికి సగం ఆ రాత్రుల్లో నేర్చుకున్నదే. టీకాలు, మందుల విషయంలో మాత్రం మీ వెటర్నరీ డాక్టర్ మాటే చివరి మాట.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా కుక్క బంటిని మొదటిసారి బోర్డింగ్‌లో వదిలినప్పుడు నాకు ఈ పనితో ఏ సంబంధమూ లేదు. రేపు ప్రయాణమనగా ఇవాళ ఫోన్ చేసి చోటుందా అని అడిగాను. ఉందన్నారు. పొద్దున్నే కొత్త పరుపు, కొత్త గిన్నె, కొత్త బొమ్మ, అప్పటిదాకా ఎప్పుడూ పెట్టని ఖరీదైన డాగ్ ఫుడ్, అన్నీ కొనుక్కుని బయల్దేరాం. గేటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాణ్ని పట్టుకుని, "రెండ్రోజుల్లో వచ్చేస్తాం నాన్నా, బుద్ధిగా ఉండు" అని పది నిమిషాలు చెప్పాను. మా ఆవిడ ఏడ్చింది. వాడు ఆవిడ మొహం, నా మొహం మార్చి మార్చి చూశాడు. ఇంట్లో ఏదో ఘోరం జరిగిపోయిందని అప్పుడే నిర్ణయించుకుని ఉంటాడు. (నవ్వులు)

రెండు రోజులు వాడు తిండి ముట్టలేదు. తలుపు ఊచలు కొరికి మూతి పుండు చేసుకున్నాడు. తిరిగొచ్చి నేను అక్కడివాళ్ల మీద అరిచాను. వాళ్ల తప్పేమీ లేదని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక్క రోజులో వాడి నెత్తిన ఎన్ని కొత్తవి పెట్టానో చూడండి. కొత్త చోటు, పాతిక కుక్కల వాసన, ఎవరో తెలియని మనుషులు, మూసిన తలుపు, మేం లేని రాత్రి. ఇవన్నీ చాలనట్టు తిండి కూడా మార్చేశాను. వీటిలో ఏ ఒక్కటీ కుక్క తట్టుకోలేనిది కాదు. అన్నీ ఒకేసారి వచ్చి పడటమే దాన్ని ముంచుతుంది. అందుకని నేను చెప్పే పద్ధతి ఒకటే. ఈ కొత్తవాటిని విడదీయండి. ఒక్కోదాన్నీ ముందే, మీరు పక్కనుండగా, ఇంట్లోనే పాతబడనివ్వండి. బోర్డింగ్‌కి వెళ్లేనాటికి దానికి కొత్తగా మిగిలేది ఒకటో రెండో ఉండాలి. దీనికి మూడు వారాలైనా కావాలి. భయస్థురాలైన కుక్కయితే మూడు నెలలు పెట్టుకోండి.

మొదట ఒంటరిగా ఉండటం. "రెండ్రోజుల్లో వస్తాను" అన్నది కుక్కకు అర్థం కాదు. దానికి తెలిసిందల్లా ఇదివరకు జరిగింది. వీళ్లు వెళ్లినప్పుడల్లా తిరిగొచ్చారా లేదా, అంతే. కాబట్టి వెళ్లడం, రావడం బోలెడన్ని సార్లు జరగాలి, చప్పగా జరగాలి. చెప్పులు వేసుకుని బయటికెళ్లి నిమిషంలో వచ్చేయండి. తర్వాత ఐదు నిమిషాలు, అరగంట, రెండు గంటలు. వచ్చాక పండగ చేయకండి. తాళం చెవులు చేతిలోకి తీసుకుని ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి. తాళాల చప్పుడుకు దాని గుండె జారడం మానేస్తుంది.

మీరు లేనప్పుడు పాత ఫోన్ ఏదైనా పెట్టి వీడియో తీయండి. కాసేపు మూలిగి పడుకుంటే ఫర్వాలేదు. ఆగకుండా అరవడం, చొంగ కార్చడం, తలుపు గీకడం, ఇంట్లో ఎన్నడూ చేయనిది మూత్రం పోసేయడం కనిపిస్తే అది అల్లరి కాదు, భయం. అలాంటి కుక్కకు వైద్యం కావాలి, బోర్డింగ్ కాదు. "తోడుగా ఇంకో పది కుక్కలుంటాయిగా, మర్చిపోతుంది" అంటారు. అది వెతుకుతున్నది కుక్కల కోసం కాదండీ, మీ కోసం. రాత్రి పదకొండుకు చుట్టూ ముప్ఫై కుక్కలు పడుకుని ఉంటే, ఒక్కటి మాత్రం తలుపు వైపు చూస్తూ నిలబడి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

రెండోది మూసిన తలుపు. చాలా బోర్డింగుల్లో రాత్రి క్రేట్‌లోనో, అంటే తలుపున్న ఊచల పెట్టెలోనో, చిన్న గదిలోనో పడుకోబెడతారు. జైలు కదండీ అంటారు కొందరు. శిక్షగా వాడితే జైలే. అలవాటైన కుక్కకు అది మంచం కింద మూల లాంటిది. లేచి నిలబడటానికి, తిరగడానికి, కాళ్లు చాపి పక్కకు పడుకోవడానికి సరిపోయే క్రేట్ తీసుకోండి. వారం పాటు తలుపు ముట్టుకోవద్దు, తిండి మాత్రం లోపల పెట్టండి. తర్వాత తింటున్నంతసేపు తలుపు దగ్గరగా వేసి, తినడం అయ్యేలోపే తెరవండి. అక్కడినుంచి నిమిషాలు పెంచుతూ పోండి. ఒక చిట్కా: ఈ పని సాయంత్రం షికారు నుంచి వచ్చాక, అది అలసి ఉన్నప్పుడు చేయండి. నిద్ర సగం పాఠం నేర్పేస్తుంది.

మూడోది ఎవరూ చెప్పరు. నేను రాత్రి డ్యూటీలో నేర్చుకున్నాను. దొడ్డికి వెళ్లడం. (నవ్వులు) నవ్వకండి, ఇది పెద్ద సంగతి. కుక్కపిల్లగా ఏ నేల మీద అలవాటైతే పెద్దయ్యాక పాదాల కింద అదే కోరుకుంటుంది. గడ్డి మీద అలవాటైనది సిమెంటు మీద పోదు. బెల్టు లేకుండా పెరట్లో తిరిగి పోసేది, తెలియని మనిషి బెల్టు పట్టుకుని పక్కనే నిలబడితే బిగపట్టుకుంటుంది. ఇరవై గంటలు బిగపట్టుకున్న కుక్కను పట్టుకుని తెల్లవారుజామున గడ్డి వెతుక్కుంటూ తిరిగినవాణ్ని నేను. అందుకని గడ్డి, మట్టి, కంకర, సిమెంటు, అన్నిటి మీదా అలవాటు చేయండి. పోస్తున్నప్పుడు ఏదో ఒక మాట మెల్లగా అనండి, రోజూ అదే మాట. కొన్నాళ్లకు ఆ మాటే తాళంచెవి అవుతుంది. ఆ మాటేమిటో బోర్డింగ్ వాళ్లకు చెప్పండి.

మనుషుల సంగతి తేలిక. మీ స్నేహితుల చేత దానికి బెల్టు వేయించండి, వాకింగ్‌కి పంపండి, ఒక పూట తిండి పెట్టించండి. పాదాలు, చెవులు వాళ్ల చేత ముట్టించండి. కారు ఎక్కితే ఆస్పత్రికే అన్న లెక్క దాని బుర్రలో ఉంటే, ఊరికే ఓ చుట్టు తిప్పి ఇంటికి తెచ్చేయండి.

ఇక టీకాలు. ప్రయాణానికి ముందురోజు వేయించింది టీకా కాదు, రసీదు. ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. రేబిస్, డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ టీకాలు ఏ మంచి చోటైనా అడుగుతారు. లెప్టోస్పైరోసిస్‌ది కూడా చాలామంది అడుగుతారు. కుక్కపిల్లలకైతే పార్వో, డిస్టెంపర్ డోసుల్లో చివరిది 16 వారాల వయసులోనో ఆ తర్వాతో పడాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటిదాకా టీకాకు అడ్డుపడవచ్చు, అందుకే అన్ని డోసులు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. కోర్సు పూర్తికాని పిల్లను నాలుగు కుక్కలు తిరిగే చోటికి పంపడం జూదం.

కెన్నెల్ కాఫ్ సంగతి వేరు. అది ఒక క్రిమి వల్ల వచ్చేది కాదు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, ఇంకా కొన్ని కలిసి తెచ్చే దగ్గు. ముక్కులో వేసే టీకా పనిచేయడం మొదలవ్వడానికి మూడు రోజులైనా కావాలి. ఇంజెక్షన్ అయితే మొదటిసారి 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు. కనీసం ప్రయాణానికి రెండు వారాల ముందే అయిపోయేలా చూసుకోండి. వేయించినా దగ్గు రావచ్చు, కాకపోతే తేలిగ్గా పోతుంది. "టీకా వేయించాం, అయినా మీ దగ్గర అంటించారు" అని బోర్డింగ్‌వాళ్లతో గొడవపడేవాళ్లను చాలామందిని చూశాను. బడికి పంపిన పిల్లాడికి జలుబు చేయడం లాంటిదే అది. నులిపురుగుల మందు, పిడుదుల మందు కూడా డాక్టర్ని అడిగి ముందే వేయండి.

ఆడకుక్క ఎదకు వచ్చే రోజులు లెక్క చూసుకోండి. సుమారు ఆరేడు నెలలకోసారి వస్తుంది, రెండు మూడు వారాలుంటుంది. ఆ రోజుల్లో ఏ డేకేరూ తీసుకోదు. తీసుకుంటామన్న చోట మీరే వదలకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ కుక్క డేకేర్‌కి సరిపోతుందా? అన్నీ సరిపోవు. ఈ మాట డేకేర్‌వాళ్లు చెప్పరు, ట్రైనర్లు కూడా మొహమాటపడతారు. అమెరికాలో బార్ హార్బర్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల మీద పరిశోధన చేశారు. సుమారు 3 వారాల నుంచి 12 వారాల వయసు దాకా చూసినవన్నీ కుక్కకు "మామూలు" అయిపోతాయని ఆ పనివల్లే మనకు గట్టిగా తెలిసింది. ఆ వయసులో వేరే కుక్కల ముఖం చూడని కుక్కను నాలుగో ఏట ఇరవై కుక్కల మధ్య వదిలి "కలిసిపోతుందిలే" అంటే ఎలా? దానికి ఇంటికొచ్చి చూసుకునే మనిషే మేలు. అది ఓటమి కాదు.

ఆట అంటే ఏమిటో చూడటం నేర్చుకోండి. ముందు కాళ్లు నేలకు వంచి వెనక భాగం పైకెత్తడం ఆటకు పిలుపు. ఒకసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరమాలి. మధ్యమధ్య ఆగాలి, ఒళ్లు దులుపుకోవాలి. అనుమానం వస్తే తరుముతున్నదాన్ని పట్టుకోండి. పారిపోతున్నది తిరిగి దాని దగ్గరికే వస్తే ఆట. ఇదే సందని బెంచీ కింద దూరితే ఆట కాదు. తోక ఊపుతోంది కాబట్టి సంతోషమే అనుకోకండి, టెన్షన్‌లో కూడా ఊపుతుంది. నిద్ర రాకుండా ఆవలించడం, తిండి లేకుండా మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవి "నన్ను ఇక్కణ్నుంచి తీసుకెళ్లండి" అని చెప్పడం.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు గోడల మీది బొమ్మలు కాదు, ముక్కు, చెవి వాడండి. ఘాటైన మూత్రం వాసన వస్తే గాలి ఆడట్లేదు. ఆగకుండా మొరుగుతుంటే విశ్రాంతి లేదు. గేటు లోపల ఇంకో గేటు ఉందా? ఒక మనిషికి ఎన్ని కుక్కలు? ఆట స్థలంలో పది, పదిహేను దాటితే ఎవరూ చూడలేరు. చిన్నవాటినీ పెద్దవాటినీ వేరు చేస్తారా? కొట్లాట జరిగితే ఏం చేస్తారు? "మా దగ్గర ఎప్పుడూ జరగలేదండీ" అంటే నమ్మకండి. జరిగినదేదో, ఏం చేశారో చెప్పేవాళ్లు నయం. రాత్రి లోపల మనిషి పడుకుంటాడా, కెమెరా ఒక్కటేనా? ఇది సూటిగా అడగండి, చాలామంది అడగరు. ఇంకోటి, "రోజంతా ఆడిస్తాం" అని గొప్పగా చెప్పే చోట ఒక్క నిమిషం ఆలోచించండి. పెద్ద కుక్క రోజులో సగం నిద్రపోతుంది, పిల్లలు ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం పడుకోబెట్టని డేకేర్ నుంచి సాయంత్రం వచ్చేది అలసిన కుక్క కాదు, చిరాకు పుట్టిన కుక్క. కొట్లాటలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే నేను చూశాను.

చోటు నచ్చిందా? అయితే రిహార్సల్. సగం రోజు, ఇంకోసారి పూర్తి రోజు, ఆ తర్వాత ఒక్క రాత్రి. ఆ రాత్రి మీరు ఊళ్లోనే ఉండండి. పిలిస్తే వెళ్లగలగాలి. అసలు ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు ఇది అయిపోవాలి, ఎందుకంటే బాగోలేదని తేలితే వేరే దారి వెతుక్కోవడానికి టైమ్ కావాలి. రిహార్సల్ ఫెయిలైతే డబ్బు దండగ అనుకోవద్దు. ఫెయిలవడానికే అది ఉంది.

చేర్చేటప్పుడు అక్కడ మీ చేత నింపించే ఫారం గురించి కాస్త ఎక్కువ చెప్తాను. "స్వభావం" అన్న చోట నూటికి తొంభై మంది "ఫ్రెండ్లీ" అని రాస్తారు. పెళ్లిసంబంధం కాదండీ అది! (నవ్వులు) గిన్నె దగ్గర చెయ్యి పెడితే గుర్రుమంటుందా, రాయండి. గోడ దూకుతుందా, గొళ్లెం మూతితో తీస్తుందా, రాయండి. ఉరిమితే మంచం కింద దూరుతుందా, టోపీ పెట్టుకున్న మగవాళ్లంటే పడదా, ఒకప్పుడు ఎవరినైనా కరిచిందా, అన్నీ రాయండి. తెలిస్తే దాని గిన్నె వేరుగా పెడతారు, అంతే. తెలియకపోతే ఒకరి చేతికి కుట్లు పడతాయి, ఆ తర్వాత మీ కుక్కకు చెడ్డపేరు. మాటలు కూడా రాయండి. ఒక కుక్క ఫారంలో "సిట్ అంటే కూర్చుంటుంది" అని ఉంది. నేను "సిట్" అని ముప్ఫై సార్లు అన్నాను, గోడ వైపు చూస్తోంది. వాళ్లమ్మాయికి ఫోన్ చేస్తే "కూచో బంగారం అనాలి అంకుల్" అంది. అన్నాను. కూర్చుంది.

మీ ఫోన్ అందకపోతే నిర్ణయం తీసుకోగల మనిషి ఒకరి పేరు ఇవ్వండి. అత్యవసరమైతే ఎంతవరకు ఖర్చుపెట్టవచ్చో రాసి సంతకం పెట్టండి. అర్ధరాత్రి కుక్క కడుపు ఉబ్బి ఉంటే, ఓనర్ విమానంలో ఉంటే, ఆ కాగితం ముక్క కోసం ప్రాణం కొట్టుకుంటుంది. మైక్రోచిప్, అంటే కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, ఉంటే దానికి జతచేసిన ఫోన్ నంబర్ ఇప్పటిదేనా చూసుకోండి. చిప్‌లో ఉండేది గుర్తింపు నంబర్ మాత్రమే, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. జీపీఎస్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

సామాను తక్కువ. రోజూ తినే తిండే, పూటకో పొట్లంగా కట్టి, ఇంకో రెండు రోజులకు సరిపడా అదనంగా. కొత్త తిండి పెట్టాల్సి వస్తే వారం రోజుల్లో పాతదాంట్లో కలుపుతూ మార్చాలి, అదీ ఇంట్లోనే. మందులు వాటి సొంత ప్యాకింగ్‌లో, ఎప్పుడు ఎంత అన్నది రాసి. ఎముకలు, నమిలే తోలు ముక్కలు వద్దు, కొట్లాటకు కారణం అవే. ఇంకా, మీరు రాత్రి వేసుకుని విడిచిన టీషర్టు ఒకటి, ఉతక్కుండా. ఇది సెంటిమెంట్ కాదు. గ్రెగరీ బెర్న్స్ అనే శాస్త్రవేత్త బృందం కుక్కలను మెలకువగానే స్కానర్‌లో పడుకోబెట్టి రకరకాల వాసనలు చూపించింది. 2015లో ఫలితాలు వచ్చాయి. మెదడులో మంచి జరగబోతోందని ఆశపడే భాగం అన్నిటికన్నా ఎక్కువగా స్పందించింది తెలిసిన మనిషి వాసనకే, ఆ మనిషి ఎదురుగా లేకపోయినా. నా బంటికి నేను కొత్త పరుపు కొన్నాను. మాసిన చొక్కా ఇచ్చి ఉంటే డబ్బూ మిగిలేది.

ఆ రోజు పొద్దున మంచి వాకింగ్ చేయించండి. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకండి. ముఖ్యంగా లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది. గేటు దగ్గర బెల్టు చేతికివ్వండి, మామూలుగా నడిచి వచ్చేయండి. ఏడుపొస్తే కారులో ఏడవండి. వీడియో కాల్ చేసి "బంగారం, నేనే" అని పిలవకండి. గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే గదంతా వెతుక్కుంటుంది. ఫొటో అడగండి, చాలు.

ఇంటికొచ్చాక గంగాళం నీళ్లు తాగబోతుంది, కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఒకరోజంతా పడి నిద్రపోతుంది. గొంతు బొంగురుపోవచ్చు, విరేచనం ఒకట్రెండు రోజులు పల్చగా ఉండవచ్చు. రక్తం పడితే, వాంతులు ఆగకపోతే, రోజు దాటినా తినకపోతే, డాక్టర్ దగ్గరికి. దగ్గు రెండు వారాల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు, కాబట్టి ఆ రెండు వారాలు దగ్గినట్టు అనిపిస్తే వేరే కుక్కల దగ్గరికి తీసుకెళ్లవద్దు.

ప్రశ్నలేమైనా ఉంటే... చెప్పండమ్మా.

మీ కుక్కకు పన్నెండేళ్లా? మొదటిసారా? నన్నడిగితే ఇంటికే మనిషిని పిలిపించుకోండి. చూపు, వినికిడి తగ్గిన కుక్కకు ఇంటి గోడలే దారి చూపిస్తాయి. తప్పదంటే గ్రూపులో కాకుండా విడిగా ఉంచే చోటు, జారని నేల, రాత్రి రెండుసార్లు బయటికి తీసుకెళ్లే మనిషి, ఈ మూడూ అడగండి.

మీరు, వెనక... రెండు కుక్కలను ఒకే గదిలో ఉంచవచ్చా? ఇంట్లో కలిసి పడుకుంటే ఉంచవచ్చు. తిండి మాత్రం విడివిడిగా పెట్టమనండి. ఇంట్లో ఎప్పుడూ కొట్లాడనివి కూడా కొత్త చోట గిన్నె దగ్గర కొట్లాడతాయి.

అదిగో, ఆ మూల క్రేట్ తెచ్చి పెట్టాను. కొలతలు చూసుకోవాలనుకునేవాళ్లు వచ్చి చూడండి. లోపల ఇప్పుడు మా కొత్త కుక్క పడుకుని ఉంది, తలుపు తెరిచే ఉంది. మెల్లగా రండి, నిద్రలో ఉంది.